కూర్చుంటే కులాసా... మెట్లెక్కితే ఊపిరాడదు!

• మంచంపై పడుకోబెట్టి చూస్తే చిక్కని జబ్బు.. నడిపిస్తే బయటపడుతుంది
• ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగితే భారమంతా గుండె కుడి గదిపైనే
• అతిశ్రమతో ముప్పు.. అసలు కదలకపోయినా నష్టమే

మహదేవపుర (బెంగళూరు):

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మొత్తం 54 మెట్లు. ఆ లెక్క ఆమెకు బాగా తెలుసు. రెండేళ్లపాటు ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూనే ఎక్కారు మరి!

మదనపల్లె వైపు పల్లె నుంచి భర్త వెంట పదేళ్ల కిందట మహదేవపుర వచ్చారామె. వయసు 36. ఆయన ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతారు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడతారు. పేరు రాయొద్దన్నారు. కథ మాత్రం నలుగురికీ తెలియాలన్నారు.

‘‘మిషన్ కాడ కూర్చుంటే నాకేం లేదన్నా. గంటలు గంటలు కుట్టేస్తా. పాల ప్యాకెట్టుకని కిందికి పోయి మళ్లీ ఎక్కేటప్పుడే పానం పోయినట్లైతాంది. రెండో మలుపు కాడ గోడ పట్టుకుని నిలబడతా. పక్కింటి అవ్వకు డెబ్బై ఏండ్లు. ఆయమ్మ నన్ను దాటుకుని గబగబా ఎక్కిపోతాంది’’ అంటూ నవ్వారు. ఇప్పుడు నవ్వుతున్నారు గానీ అప్పట్లో ఏడ్చారట.

మొదట చూపించుకున్నచోట రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాశారు. రెండోచోట ‘టెన్షన్ పెట్టుకోవద్దు’ అన్నారు. మూడోచోట ‘కొంచెం ఒళ్లు చేశావు. రోజూ జోరుగా నడువు’ అని సలహా ఇచ్చారు. ఆ మాట పట్టుకుని ఓ రోజు తెల్లవారుజామున మహదేవపుర చెరువు గట్టుకు వెళ్లారు. రొప్పు వస్తున్నా ఆగలేదు. నడిస్తేనే తగ్గుతుందన్నారు కదా అనుకున్నారు. ఉన్నట్టుండి కళ్లు చీకట్లు కమ్మాయి. అక్కడే కుప్పకూలారు.

ఆ పడటమే ఆమెను కాపాడింది. ఈసారి తీసుకెళ్లిన పెద్దాసుపత్రిలో గుండెకు ఎకో తీశారు. కుడివైపు గది ఉబ్బి ఉంది. జబ్బు పేరు పల్మనరీ హైపర్‌టెన్షన్. మన మాటల్లో చెప్పాలంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరగడం.

ఒకటే మాట.. అర్థాలు రెండు!

ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు? జబ్బు స్వభావం ఒక కారణం. ఇంకో కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. అది భాష!

సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు కన్నడ డాక్టరు దగ్గరా ‘ఆయాసం’ అనే చెబుతారు. ఆయనకూ ఆ మాట అర్థమవుతుంది. కాకపోతే వేరేగా అర్థమవుతుంది. మనకు ఆయాసమంటే రొప్పు, ఊపిరి అందకపోవడం. కన్నడంలో ‘ఆయాస’ అంటే అలసట. ఇద్దరూ ఒకే మాట మాట్లాడతారు. ఇద్దరి మనసులో ఉన్నది మాత్రం ఒకటి కాదు. అలసట అని విన్నవారు ఐరన్ మాత్రలు రాయడంలో వింతేముంది?

అందుకే కన్నడ డాక్టరు దగ్గరికి వెళితే ఈ ముక్క గుర్తుంచుకోండి. ‘మెట్టిలు హత్తువాగ ఉసిరు కట్టుత్తె’. అంటే మెట్లు ఎక్కుతుంటే ఊపిరి బిగబడుతోందని. ఎన్ని మెట్లకు వస్తుందో, ఎంతసేపటికి తగ్గుతుందో కూడా చెప్పండి. ‘ఒంట్లో బాగాలేదు’ అనే మాటకంటే ‘ఇరవై మెట్లకే ఆగిపోతున్నా’ అన్న మాట డాక్టరుకు వందరెట్లు ఉపయోగం.

ఒక్క గుండె.. రెండు మోటార్లు

గుండె ఒకటే అనుకుంటాం. నిజానికి అది పక్కపక్కనే ఉన్న రెండు మోటార్ల జత. ఎడమ మోటారు తల నుంచి కాలి గోరు దాకా రక్తాన్ని తోస్తుంది. మనం చేతికి పట్టీ కట్టి చూసే బీపీ దానిదే. కుడి మోటారు పని వేరు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపుతుంది. దగ్గరి దారి, మెత్తటి గొట్టాలు. పెద్ద ఒత్తిడి అక్కర్లేదు.

అందుకే కుడి గది గోడ పల్చన. మందం మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లే. ఎడమ గది గోడ దాదాపు సెంటీమీటరు ఉంటుంది. ఎడమవైపు 120 దాకా వెళ్లే పై బీపీ కుడివైపు 25 దగ్గరే ఆగుతుంది. ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి ఆరోగ్యవంతుల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు 14 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది.

పుట్టేటప్పుడు మాత్రం రెండు గోడలూ ఇంచుమించు ఒకే మందం. తల్లి కడుపులో ఊపిరితిత్తులకు పని లేదు. వాటి నాళాలు బిగుసుకుని ఉంటాయి. బిడ్డ తొలి ఊపిరి తీయగానే అవి తెరుచుకుంటాయి. కుడి గదికి భారం తగ్గుతుంది. ఆ తర్వాత గోడ పల్చబడుతుంది. తేలిక పనికి అలవాటుపడిన ఆ గదిపై నడివయసులో బండ బరువు పెడితే ఏమవుతుంది? ఈ జబ్బులో జరిగేది అదే. ఊపిరితిత్తుల్లోని సన్నటి నాళాల గోడలు మందమై, లోపలి దారి ఇరుకవుతుంది. అదే రక్తాన్ని తోయడానికి రెట్టింపు, మూడింతలు బలం కావాలి.

తెల్లవారుజామున వంతెన చూసి మోసపోవద్దు

కేఆర్ పురం తీగల వంతెన తెలియని మహదేవపురవాసి ఉండరు. ఉదయం అయిదింటికి అక్కడ రెండు వరుసలు మూసేసినా ఎవరికీ పట్టదు. బండ్లు తక్కువ కాబట్టి మిగిలిన దారి సరిపోతుంది. అదే తొమ్మిదింటికి మూస్తే? టిన్ ఫ్యాక్టరీ దాకా బండ్లు బారులు తీరతాయి.

ఊపిరితిత్తుల రక్తనాళాలూ అంతే. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి అయిదు లీటర్ల రక్తం పంపితే చాలు. గబగబా నడిచినా, మెట్లెక్కినా అది పది లీటర్లు, అంతకుమించి కావాలి. బాగా వ్యాయామం చేసే యువకుల్లో 20 లీటర్లూ దాటుతుంది. అంత రక్తం వచ్చినా ఆరోగ్యవంతుడికి ఇబ్బంది ఉండదు. ఎందుకంటే అప్పటిదాకా ఖాళీగా ఉన్న సన్నటి నాళాలు తెరుచుకుంటాయి. తెరిచి ఉన్నవి మరికొంచెం సాగుతాయి. రద్దీ పెరిగేకొద్దీ కొత్త వరుసలు తెరుచుకునే రోడ్డు ఎలా ఉంటుందో ఊహించండి. బెంగళూరులో అలాంటిది లేదు గానీ మన ఒంట్లో ఉంది!

జబ్బు ఉన్నవారిలో ఆ అదనపు వరుసలు ముందే మూసుకుపోయి ఉంటాయి. కూర్చుంటే తెల్లవారుజాము వంతెనలా అంతా సాఫీ. లేచి నడిస్తే తొమ్మిది గంటల వంతెన. విశ్రాంతిలో చూసి ‘బాగానే ఉన్నావ్’ అనడంలోని చిక్కు ఇదే.

ఆ 20 మెట్లలో లోపల ఏం జరుగుతుంది?

ఆరోగ్యవంతుడు మెట్లెక్కేటప్పుడు గుండె రెండు పనులు చేస్తుంది. వేగంగా కొట్టుకుంటుంది, ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది. జబ్బు ముదిరిన కుడి గదికి రెండోది చేతకాదు. ఎదురుగా ఒత్తిడి కొండలా పెరుగుతుంటే ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెరగకపోగా కొందరిలో తగ్గిపోతుంది. ఇక మిగిలింది వేగమే. అందుకే నాలుగు మెట్లకే గుండె దడదడలాడుతుంది. నిల్వ బలం ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. ఉన్నంతసేపు గది నెట్టుకొస్తుంది. అయిపోతే చేతులెత్తేస్తుంది.

అంతటితో ఆగదు. ఉబ్బిన కుడి గది పక్కనున్న ఎడమ గదిని నొక్కుతుంది. రెండింటి మధ్య గోడ ఎడమవైపు వంగుతుంది. ఎడమ గదిలో రక్తం నిండటానికి చోటు తగ్గుతుంది. అసలే ఊపిరితిత్తులు దాటి వచ్చే రక్తం తక్కువ. దానికి ఇది తోడు. ఒంటికి రక్తం ఎక్కువ కావాల్సిన సమయానికే సరఫరా పడిపోతుంది. మెదడుకు అందకపోతే కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది. చెరువు గట్టు మీద జరిగింది ఇదే.

కొందరికి ఛాతీ నొప్పి కూడా వస్తుంది. రక్తనాళాల్లో అడ్డంకి ఉండకపోవచ్చు. కుడి గది కండరానికి మామూలుగా గుండె ముడుచుకున్నప్పుడూ, సడలినప్పుడూ రక్తం అందుతుంది. లోపలి ఒత్తిడి పెరిగితే సడలినప్పుడే అందుతుంది. పరుగు పెడుతున్న గుండెకు సడలే సమయమేదీ? పని ఎక్కువ, కూలి తక్కువ.. కండరం నొప్పితో మొరపెట్టుకుంటుంది.

ఆరు నిమిషాల నడక

మరి తేల్చుకునేదెలా? తొలి మెట్టు ఎకో. అనుమానం వస్తే మరికొన్ని పరీక్షలు. వాటిలో అతి సాదాసీదాది ఆరు నిమిషాల నడక. 30 మీటర్ల వరండాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడవమంటారు. అలసిపోతే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఎంత దూరం నడిచారు, వేలికి పెట్టిన పరికరంలో ఆక్సిజన్ ఎంత పడిపోయింది అన్నది రాసుకుంటారు. ధమనుల రకం జబ్బులో మిగతా పరీక్షలతో కలిపి చూసినప్పుడు 440 మీటర్లు దాటితే ముప్పు తక్కువని, 165 మీటర్లలోపైతే ఎక్కువని లెక్కిస్తారు. మన మదనపల్లె ఆడపడుచు తొలిసారి నడిచింది 290 మీటర్లు.

చివరి మాట మాత్రం కెథీటర్‌దే. నరం గుండా సన్నటి గొట్టాన్ని గుండె కుడివైపు దాకా పంపి లోపలి ఒత్తిడిని నేరుగా కొలుస్తారు. దీని వెనుక పెద్ద కథే ఉంది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి నరం గుండా తన గుండెలోకే గొట్టం పంపుకొన్నాడు. అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. పిచ్చి పని అన్నారంతా. 1956లో అదే పనికి మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

1973లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన సమావేశం నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా సగటు ఒత్తిడి 25 ఉంటేనే జబ్బు అనేవారు. 2018లో నిపుణులు ఆ గీతను 20కి దించాలన్నారు. 20 దాటితే జబ్బేనని 2022 నాటి యూరప్ మార్గదర్శకాలూ ఖరారు చేశాయి. అంతేకాదు, శ్రమలో కొలవడానికీ ఓ లెక్క పెట్టాయి. గుండె పంపే రక్తం లీటరు పెరిగినప్పుడల్లా ఒత్తిడి మూడు మిల్లీమీటర్లకు మించి పెరుగుతుంటే తేడా ఉన్నట్టే. కెథీటర్ ఉండగానే పడుకోబెట్టి సైకిల్ తొక్కించి దీన్ని చూస్తారు. కూర్చున్నప్పుడు దాక్కునే దొంగను పరుగెత్తించి పట్టుకోవడమన్నమాట!

ఎందుకొస్తుంది?

అందరికీ ఒకే కారణం ఉండదు. ఎక్కువమందిలో అసలు లోపం గుండె ఎడమవైపే ఉంటుంది. అక్కడ రక్తం నిలిచి ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల్లోకి తంతుంది. కేరళలో 50 ఆసుపత్రులు కలిసి 2,003 మంది రోగుల వివరాలు సేకరిస్తే దాదాపు 59 శాతం మంది ఈ రకమే. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలయ్యే కీళ్లవాత జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీసినా ఇదే దారి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైనవారు, అక్కడి నాళాల్లో రక్తపు గడ్డలు కరగకుండా ఉండిపోయినవారు ఇంకో రెండు రకాలు. గడ్డల రకంలో తగినవారికి శస్త్రచికిత్సతో వాటిని ఒలిచి తీసేయవచ్చు. బెంగళూరులోనూ చేస్తున్నారు. ఏ కారణమూ దొరకని రకం కొందరిలో, ముఖ్యంగా ఆడవాళ్లలో కనిపిస్తుంది. మన అక్కయ్యది అదే.

పుట్టుకతో గుండెలో పెద్ద రంధ్రం ఉన్న పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఎడమవైపు రక్తం కుడివైపు దూకి ఊపిరితిత్తులపై విరుచుకుపడుతుంది. సకాలంలో మూస్తే బిడ్డ అందరిలా ఆడుకుంటుంది. ఆలస్యమైతే నాళాలు గట్టిపడి రక్తం ఎదురు తిరుగుతుంది, పెదవులు నీలమవుతాయి. అప్పుడు రంధ్రం మూయడమే ప్రమాదం. మహదేవపుర నియోజకవర్గంలోని వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి ఆసుపత్రి ఉంది. 2001 జనవరి 19న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఉచితంగా గుండె చికిత్స చేసే ఆ గడపకు మన జిల్లాల నుంచీ తల్లులు పసిబిడ్డలతో వస్తుంటారు. 2023 మార్చిలో మొదలైన మెట్రోలో ఆసుపత్రి పేరుతోనే స్టేషనుంది. ‘పెద్దయ్యాక చూద్దాంలే’ అనుకోకుండా వచ్చినవాళ్లే గెలిచినట్టు.

మంచమే మందు కాదు

జబ్బు తేలాక ఇంట్లో ఏం జరిగింది? మన ఇళ్లలో జరిగేదే. ‘నువ్వు కదలొద్దు’ అన్నారు అత్త. నీళ్ల బిందె మొదలు టీ గ్లాసు దాకా ఏదీ ముట్టనివ్వలేదు. ప్రేమే. కానీ మూడు నెలల్లో ఆమె కాళ్లలో సత్తువ పోయింది. గదిలోంచి వంటింటికి నడిచినా రొప్పు!

ఒకప్పుడు డాక్టర్లు చెప్పిందీ అదే, శ్రమ పడొద్దని. 2006లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు ఆ నమ్మకాన్ని కదిపారు. అప్పటికే మందులతో నిలకడగా ఉన్న 30 మందిని తీసుకున్నారు. సగం మందికి 15 వారాలు కొలిచి కొలిచి వ్యాయామం చేయించారు. తొలి మూడు వారాలు ఆసుపత్రిలోనే. తేలిగ్గా సైకిల్, నడక, చిన్నచిన్న బరువులు, శ్వాస సాధన. చివరికి ఆరు నిమిషాల నడకలో వాళ్లు సగటున 96 మీటర్లు ఎక్కువ నడిచారు. వ్యాయామం లేనివారు 15 మీటర్లు వెనకబడ్డారు. తర్వాత పది ఐరోపా దేశాల్లో చేసిన అధ్యయనంలో లాభం 34 మీటర్లే తేలింది. తక్కువే, కానీ లాభమే. మందులు వాడుతూ నిలకడగా ఉన్న ధమనుల రకం రోగులకు నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామం ఇప్పించాలని 2022 మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి.

ఇక్కడే జాగ్రత్త. అదే నడక ఒకరోజు ఆమెను పడగొట్టింది, ఇంకోరోజు నిలబెట్టింది. తేడా ఎక్కడ? మొదటిది జబ్బు తెలియక, మందు లేక, కొలత లేక. రెండోది పరీక్షలయ్యాక, మందు పడ్డాక, డాక్టరు గీసిన గీత లోపల. ఆ గీత ఆమెకు ఇలా చెప్పారు. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిందా, వేగం తగ్గించాలి. కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా వెంటనే ఆగాలి. ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు. నిండు బకెట్టు, గ్యాస్ బండ జోలికి పోకూడదు. గర్భం దాల్చడం ప్రాణాలమీదికి రావచ్చు కాబట్టి ముందే డాక్టరుతో మాట్లాడాలి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులోనే ఉంది. ఊటీ 2,200 మీటర్లు దాటుతుంది. పిల్లలు అడిగారని బండెక్కే ముందు డాక్టరును అడగాలి.

సిగ్గుపడాల్సిన మందు కాదు

మందుల షాపులో ఇంకో ముచ్చట. చీటీలో సిల్డెనాఫిల్ పేరు చూసి కౌంటరులో కుర్రాడు ముసిముసిగా నవ్వాడట. భర్త సిగ్గుతో చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశారు. రెండు రోజులు మందు పడలేదు. ఆ మందుకు మగవారి మాత్రగానే పేరొచ్చింది నిజమే. కానీ ఊపిరితిత్తుల నాళాలను వదులు చేసే గుణం దానికుంది. 2005లో అమెరికాలో ఈ జబ్బుకూ అనుమతించారు. కుడి గది తోయాల్సిన బరువును అది తగ్గిస్తుంది. దాంతోపాటు ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సొంతంగా ఆపడం, సొంతంగా కలపడం రెండూ వద్దు. అన్ని రకాలకూ ఇదే మందు కాదు. పక్కింటివారి చీటీ మనకు పనికిరాదు.

ఎప్పుడు అనుమానించాలి?

• నిరుడు ఆగకుండా ఎక్కిన మెట్లకు ఇప్పుడు మధ్యలో ఆగాల్సి వస్తోందా?
• నడుస్తూ, బరువు ఎత్తుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డారా?
• సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయా?
• ఆస్తమా మందులు, ఐరన్ మాత్రలు వాడుతున్నా రొప్పు తగ్గడం లేదా?
• చిన్నప్పుడు ‘గుండెలో రంధ్రం ఉంది’ అని చెప్పి వదిలేశారా?

వీటిలో ఒక్కదానికి అవునన్నా ఎకో చేయించాలా అని డాక్టరును అడగండి. స్పృహ తప్పి ఉంటే మాత్రం అసలు ఆలస్యం చేయొద్దు. అమెరికాలోని పెద్ద రిజిస్ట్రీలో సైతం అయిదుగురిలో ఒకరు రెండేళ్లకు పైగా లక్షణాలతో తిరిగాకే జబ్బు బయటపడింది. మన మహదేవపుర మేడ మీద పోయినవీ ఆ రెండేళ్లే.

ఇప్పుడు ఆ కుటుంబం అదే వీధిలో కింది అంతస్తుకు మారింది. అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువ. మొన్నటి పరీక్షలో ఆమె 365 మీటర్లు నడిచారు. జబ్బు పోలేదు, మందులూ ఆగవు. సాయంత్రం పూట చెరువు గట్టుకు వెళతారు. పాత మేడ మీది అవ్వ తోడు వస్తుంది.

‘‘అవ్వ ముందర పోయి బెంచీ మీద కూర్చుంటాది. ‘నిదానంగా రా తల్లీ’ అంటాది. నేను మాట్లాడుకుంటానే నడుస్తా. మాట ఆగితే నేనూ ఆగతా’’ అన్నారామె. ఆ మాట చెప్పేటప్పుడు మధ్యలో ఎక్కడా ఊపిరి తెగలేదు.